లేమి పోయినా, లేమి నేర్పిన అలవాట్లు ఎందుకు పోవు?

మడతపేజీ:
డబ్బుకి ఎప్పుడూ కటకటగా ఉండే ఇంట్లో పెరిగాను. ఇప్పుడు ఆ పరిస్థితి లేదు. ఉద్యోగం బాగుంది, కొంత పొదుపు ఉంది, నెలాఖరు అంటే భయం లేదు. అయినా నా తీరు మాత్రం ఇంకా ఆ ఇంటిదే. డాక్టరు ఎదురుగా కూర్చుంటే అడగాల్సిన ప్రశ్న నోటిదాకా వచ్చి ఆగిపోతుంది. జీతం పెంచమని అడగాలంటే చాలా ముందు నుంచే టెన్షన్. పనికిరాని వస్తువు పారేయడానికి చెయ్యి రాదు, ఎప్పుడైనా అవసరం పడుతుందేమో అనిపిస్తుంది. కడుపు నిండినా కంచంలో మిగల్చలేను.

మా ఆయన కలిగినవాళ్ల ఇంట్లో పెరిగారు. ఏ కౌంటర్ దగ్గరైనా "కుదరదు" అంటే ఆయన "ఎందుకు కుదరదు? ఎవరితో మాట్లాడాలి?" అని మామూలు గొంతుతో అడుగుతారు. కోపం ఉండదు, బతిమాలడం ఉండదు. నాకైతే "కుదరదు" అనే మాట వినగానే వెనక్కి తిరగడమే తెలుసు. ఇది స్వభావంలో తేడా అని చుట్టాలంతా అంటారు. నాకు అలా అనిపించడం లేదు. ఇది పెంపకంలో తేడా, ఇంకా చెప్పాలంటే పెరిగిన వర్గంలో తేడా.

మాకు చిన్న పాప ఉంది. నా బెరుకు తనకి అంటకూడదు. అలాగని నన్ను పెంచిన ఇంటిని చులకనగా చూసే మనిషిగా కూడా పెరగకూడదు. దీని గురించి చదివినవాళ్లు, అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి. "మనసు పెడితే ఏదైనా మార్చుకోవచ్చు" అనే సలహా ఒక్కటి మాత్రం వద్దు.

పాతనోట్సు:
మడతపేజీ గారూ, నేను సోషియాలజీ పాఠాలు చెబుతాను. మీరు రాసిన డాక్టరు సంగతి దగ్గరే మొదలుపెడతాను, ఎందుకంటే ఆ ఒక్క సందర్భం మీద మంచి పరిశోధన ఉంది.

అమెరికన్ సోషియాలజిస్టు అనెట్ లారో 12 కుటుంబాలను దగ్గరగా గమనించారు. వాళ్ల పిల్లలకి తొమ్మిది, పదేళ్లు ఉంటాయి. ఆమె బృందం ఆ ఇళ్లలో కూర్చుని, వాళ్లతో పాటు కార్లలో, బస్సుల్లో తిరిగి, ఆసుపత్రులకి కూడా వెళ్లి రాసుకున్న వివరాలు 2003లో పుస్తకంగా వచ్చాయి. అందులో ఒక తల్లి డాక్టరు దగ్గరికి వెళ్తూ దారిలోనే కొడుక్కి చెబుతుంది: డాక్టరుని అడగాల్సినవి ఆలోచించి పెట్టుకో, ఏదైనా అడగవచ్చు, సిగ్గుపడకు అని. లోపలికి వెళ్లాక ఆ పిల్లాడు నిజంగానే తన ఒంటి గురించి తనే అడుగుతాడు, డాక్టరు మాటని మధ్యలో సరిదిద్దుతాడు కూడా. కార్మిక కుటుంబాల పిల్లలు అదే గదిలో తల దించుకుని, అడిగినదానికి ముక్తసరిగా జవాబు చెబుతారు. తల్లిదండ్రులు కూడా అంతే. వాళ్లకి పిల్లల మీద ప్రేమ తక్కువై కాదు. తెల్లకోటు వేసుకున్న మనిషి ముందు మాట్లాడే హక్కు తమకి ఉందని వాళ్లకి ఎవరూ ఎప్పుడూ చూపించలేదు.

మీ ఆయన గొంతులో ఉన్న ఆ మామూలుతనం పుట్టుకతో వచ్చింది కాదు. అలాంటి దారి మధ్య మాటలు చిన్నప్పటి నుంచి ఎన్నో పోగుపడితే వచ్చింది. దాన్ని ఎవరూ పాఠంగా చెప్పరు కాబట్టి ఆయనకే అది నేర్చుకున్నట్టు గుర్తుండదు.

జెస్సికా కలార్కో అనే మరో పరిశోధకురాలు ఇదే సంగతిని తరగతి గదిలో చూశారు. పని అర్థం కానప్పుడు మధ్యతరగతి పిల్లలు లేచి టీచరు దగ్గరికి వెళ్తారు, అవసరమైతే మాటకి అడ్డొచ్చి మరీ అడుగుతారు. కార్మిక కుటుంబాల పిల్లలు టీచరు తమని గమనించేదాకా అలాగే కూర్చుంటారు. ఎందుకంటే ఇంట్లో వాళ్లకి చెప్పింది "టీచర్ని విసిగించకు, నీ పని నువ్వే చేసుకో" అని. చెప్పినవాళ్ల ఉద్దేశం గౌరవం నేర్పడమే. కానీ బడి మాత్రం అడిగినవాళ్లకే ఎక్కువ ఇస్తుంది. ఇద్దరు పిల్లలూ తల్లిదండ్రుల మాట విన్నవాళ్లే, లాభం మాత్రం ఒక్కరికే.

లెక్కలగడి:
చర్చ బాగుంది గానీ నాదొక అభ్యంతరం. మేం నలుగురం అన్నదమ్ములం. ఒకే ఇల్లు, ఒకే ఇబ్బందులు. ఒకడు గుట్టుగా ఉంటాడు, ఒకడు ఎవరితోనైనా వాదిస్తాడు, ఒకడు పైసా ఖర్చు పెట్టడు, ఇంకొకడి చేతిలో పైసా నిలవదు. అంతా వర్గమే నిర్ణయిస్తే మేం నలుగురం ఒకేలా ఉండాలి కదా?

పైగా ఆత్మనిగ్రహం అనేది ఒకటి ఉంటుంది. స్టాన్‌ఫర్డ్‌లో వాల్టర్ మిషెల్ చేసిన మార్ష్‌మల్లో ప్రయోగం అందరికీ తెలిసిందే. పిల్లల ముందు ఒక మిఠాయి పెట్టి, కాసేపు ఆగితే రెండు ఇస్తామన్నారు. ఆగగలిగిన పిల్లలు పెద్దయ్యాక చదువులో ముందున్నారు. అది వ్యక్తి గుణమే తప్ప వర్గం కాదు.

గోరింక:
లెక్కలగడి గారూ, ఇది పెరిగిన ఇంటి ప్రభావమే అనే వాదనకి మీరు తెచ్చిన ఆ ప్రయోగమే అన్నిటికన్నా బలమైన ఆధారం. దాని తర్వాత ఏం జరిగిందో చూడండి.

మిషెల్ మొదట పరీక్షించింది యూనివర్సిటీ ఆవరణలోని నర్సరీ పిల్లలని. 2018లో టైలర్ వాట్స్, గ్రెగ్ డంకన్, హావోనన్ క్వాన్ 900 మందికి పైగా పిల్లల వివరాలతో మళ్లీ చూశారు. వీళ్లు రకరకాల ఇళ్ల నుంచి వచ్చినవాళ్లు. ఆగడానికీ తర్వాతి చదువుకీ ఉన్న సంబంధం పాత లెక్కలో సగం దాకా తగ్గింది. కుటుంబ నేపథ్యం, ఇంటి వాతావరణం, పిల్లల తొలి తెలివితేటలు లెక్కలోకి తీసుకుంటే ఆ మిగిలినదాంట్లో కూడా ఇంచుమించు మూడింట రెండు వంతులు పోయింది. అంటే మనం నిగ్రహం అని పిలుస్తున్నదాంట్లో పెద్ద భాగం ఆ పిల్లల ఇల్లే.

ఇంకొకటి నాకు మరీ ముఖ్యమైనది. 2013లో సెలెస్ట్ కిడ్, ఆమె సహచరులు 28 మంది పిల్లలతో చిన్న ప్రయోగం చేశారు. మిఠాయి పెట్టడానికి ముందు పెద్దమనిషి పిల్లలకి మంచి రంగు పెన్సిళ్లు తెస్తానని మాట ఇస్తుంది. సగం మందికి తెచ్చి ఇస్తుంది. మిగతా సగం మందికి "సారీ, దొరకలేదు" అని ఉత్త చేతులతో వస్తుంది. ఆ తర్వాత మిఠాయి పరీక్ష. మాట నిలబెట్టుకున్న మనిషిని చూసిన పిల్లలు సగటున 12 నిమిషాలు ఆగారు. మాట తప్పిన మనిషిని చూసినవాళ్లు 3 నిమిషాలు.

ఆ పిల్లల గుణం గంటలో మారిపోలేదు కదా. వాళ్లు లెక్క వేసుకున్నారు. మాట నిలబడని చోట ఉన్నది ఉన్నప్పుడే తినడం తెలివైన పని. రేపు ఇస్తామన్నది రేపు ఉండదని అనుభవంలో తెలిసిన ఇంట్లో పెరిగిన పిల్లలకి "ఓపిక లేదు" అని పేరు పెట్టడం నాకు చాలా బాధగా అనిపిస్తుంది. మా ఇంట్లో జీతం వస్తుందో రాదో తెలియని నెలలు ఉండేవి. వచ్చిన రోజునే కావలసినవన్నీ కొనేసేవాళ్లం. చూసేవాళ్లు దుబారా అనేవారు. మర్నాటికి అప్పులవాళ్లు వస్తే చేతిలో ఏమీ మిగలదని అమ్మకి తెలుసు.

మీ నలుగురు అన్నదమ్ముల సంగతి నిజమే. ఒకే ఇంట్లో కూడా తేడాలుంటాయి, పెద్దవాడు చూసిన ఇల్లు చిన్నవాడు చూసిన ఇల్లు ఒకటి కావు కూడా. వర్గం అందరినీ ఒకే అచ్చులో పోస్తుందని ఎవరూ అనడం లేదు. మీలో ఎవరికైనా డబ్బు గురించి అసలు ఆలోచించకుండా ఒక రోజు గడిచిందా అని అడుగుతున్నాను.

లెక్కలగడి:
లేదు. నలుగురిలో ఒక్కరికీ లేదు. ఇప్పటికీ లేదు.

2018 ఫలితాలు నాకు కొత్త, చదువుతాను. కానీ పుట్టుకతో వచ్చేది ఏమీ లేదా? తెలివైనవాళ్లు సంపాదిస్తారు, వాళ్లకి తెలివైన పిల్లలు పుడతారు, చూసేవాళ్లకి అదంతా పెంపకంలా కనిపిస్తుంది అని కూడా చెప్పవచ్చు.

పాతనోట్సు:
న్యాయమైన ప్రశ్న. దీన్ని విడదీసి చూడటానికి మంచి అవకాశం దత్తత తీసుకున్న కుటుంబాలే. అమెరికాలో కొరియా నుంచి పిల్లలని దత్తత ఇచ్చినప్పుడు ఏ బిడ్డ ఏ ఇంటికి వెళ్లాలన్నది దాదాపు వరుస క్రమాన్ని బట్టి జరిగేది, పోలికలు చూసి కాదు. బ్రూస్ సాసర్డోట్ అనే ఆర్థికవేత్త ఆ పిల్లలు పెద్దయ్యాక ఎలా ఉన్నారో చూసి 2007లో ప్రచురించారు. ఎక్కువ చదువుకున్న తల్లిదండ్రుల ఇంటికి, తక్కువ మంది పిల్లలున్న ఇంటికి వెళ్లినవాళ్ల చదువు, ఆదాయం, ఆరోగ్యం మెరుగ్గా ఉన్నాయి. రక్తసంబంధం ఏమీ లేకపోయినా. మద్యం, పొగ తాగే అలవాట్లు, ఎలాంటి కాలేజీలో చేరారన్నది, వీటి మీద పెంచిన ఇంటి ప్రభావం ఇంకా గట్టిగా కనిపించింది. ఎన్నేళ్లు చదివారన్న దాని మీద అంత కాదు. కాబట్టి పుట్టుకది సున్నా అనను. కానీ మడతపేజీ గారు అడుగుతున్నది అలవాట్ల గురించి, అక్కడ ఇంటిదే పైచేయి.

ఎర్రచెప్పులు:
నేను ఉద్యోగాల ఎంపిక విభాగంలో పని చేస్తాను. ఇంటర్వ్యూలు అయ్యాక ప్యానెల్ కూర్చున్నప్పుడు వినిపించే మాటలు చెబుతాను. "మనిషి బాగా కలిసిపోతాడు." "ఆమెలో ఆ ఈజ్ ఉంది." "అతను కాస్త బిగుసుకుపోయాడు." ఇవన్నీ ప్రతిభ గురించి చెబుతున్నట్టే ఉంటాయి. దగ్గరగా వింటే ఆ అభ్యర్థి ఎలాంటి భోజనాల బల్ల దగ్గర పెరిగాడన్నదే చెబుతాయి. పెద్దవాళ్లతో సమానంగా కూర్చుని, అభిప్రాయం చెప్పి, కాదంటే నవ్వి మరో మాట మాట్లాడటం చిన్నప్పటి నుంచి చేసినవాళ్లకి ఇంటర్వ్యూ గది కొత్త చోటు కాదు.

దీని మీద లారెన్ రివెరా, ఆండ్రాస్ టిల్చిక్ 2016లో ఒక ప్రయోగం ప్రచురించారు. అమెరికాలోని 316 లా ఆఫీసులకి కల్పిత దరఖాస్తులు పంపారు. చదువు, మార్కులు, అనుభవం ఒకటే. తేడా అంతా చివరి వరుసల్లో ఉంది: ఒకరి సరదాలు పడవ పందేలు, పోలో, శాస్త్రీయ సంగీతం, ఇంకొకరివి పరుగు పందేలు, స్నేహితులతో ఫుట్‌బాల్. ధనిక వర్గపు గుర్తులున్న మగ అభ్యర్థులకి 16 శాతం మందికి పిలుపు వచ్చింది. మిగతా మగవాళ్లకి ఒక శాతం చిల్లర. ఆడవాళ్లకి మాత్రం ఆ ధనిక గుర్తులు ఉపయోగపడలేదు, ఎన్నాళ్లు పని చేస్తుందో, పెళ్లీ పిల్లలూ అంటూ వెళ్లిపోతుందేమో అనే అనుమానం అడ్డొచ్చింది.

లోపలికి వచ్చాక కూడా ఇది ఆగదు. బ్రిటన్‌లో సామ్ ఫ్రీడ్‌మన్, డేనియల్ లారిసన్ చూసిన లెక్కల్లో, పెద్ద హోదా వృత్తుల్లోకి కష్టపడి చేరుకున్న కార్మిక కుటుంబాల వాళ్లు అవే వృత్తుల్లోని కలిగిన కుటుంబాల వాళ్ల కన్నా సగటున 16 శాతం తక్కువ సంపాదిస్తున్నారు.

మడతపేజీ గారూ, జీతం అడగడానికి మీకు కలిగే టెన్షన్‌ని మీ ఒక్కరి బలహీనతగా చూడకండి. నా బల్ల ఇటువైపు నుంచి అది చాలామందిలో కనిపిస్తుంది, ఎవరిలో కనిపిస్తుందో కూడా ఊహించవచ్చు.

నిదానం:
నేను మీలో చాలామందికి ఎదుటి పక్షం. ఏ లోటూ లేని ఇంట్లో పెరిగాను. మాకు డబ్బుతో పాటు ఇంకేం అందుతుందో చెప్పడం ఉపయోగమేమో అని రాస్తున్నాను.

అన్నిటికన్నా పెద్దది, తప్పటడుగు వేసే వీలు. మొదట తీసుకున్న కోర్సు నచ్చలేదు, వదిలేశాను. ఇంట్లో కాస్త గొడవ అయింది, అంతే. నా క్లాసులోనే ఇంకొకడికి ఆ కోర్సు నాకన్నా నచ్చలేదు, కానీ అతని చదువు మీద ఇల్లు అప్పు చేసి ఉంది. పూర్తి చేశాడు. జనం అతన్ని జాగ్రత్తపరుడు అన్నారు, నన్ను ధైర్యవంతుడు అన్నారు. నా ధైర్యం మా నాన్నగారి ఆస్తి నుంచి వచ్చింది. ఆ మాట చెప్పకుండా నన్ను మెచ్చుకుంటుంటే అతనికి అన్యాయం జరుగుతున్నట్టే అనిపిస్తుంది.

రెండోది ఫోన్ కాల్. ఏ పని కావాలన్నా ఇంట్లో ఎవరో ఒకరికి తెలిసినవాళ్లు ఉంటారు. సిఫారసు చేయనక్కర్లేదు, "ఆ పరీక్షకి ఇది చదువు, ఆ ఆఫీసులో ఫలానా కాగితం ముందు పెట్టు" అని చెప్పినా చాలు. నెలల తరబడి తిరిగే పని ఒక్క మాటతో తెమిలిపోతుంది.

తెల్లకాగితం:
నేను ఆరోగ్య రంగంలో ఉన్నాను. కంచంలో మిగల్చలేకపోవడం గురించి రాశారు కాబట్టి ఒక సంగతి. 2016లో శారా హిల్ బృందం ప్రయోగశాలలో చూసింది: కలిగిన ఇళ్లలో పెరిగినవాళ్లు ఆకలిని బట్టి తిన్నారు. లేమిలో పెరిగినవాళ్లు ఆకలి ఉన్నా లేకపోయినా ఇంచుమించు అంతే తిన్నారు. ఇక్కడ తేడా తెచ్చింది చిన్ననాటి పరిస్థితే, ఇప్పటి ఆర్థిక స్థితి కాదు.

వర్గం ఒంట్లోకి ఎలా దిగుతుందో చూపించిన పెద్ద అధ్యయనం లండన్‌లోది. 1967లో మొదలైంది. దాదాపు 18,000 మంది ప్రభుత్వోద్యోగులు, అందరూ మగవాళ్లు. వీళ్లలో నిరుపేదలు లేరు, ఉద్యోగం పోతుందన్న భయం లేదు, అందరికీ ప్రభుత్వ వైద్యం ఉంది. అయినా అట్టడుగు గ్రేడు వాళ్లు పై గ్రేడు వాళ్ల కన్నా మూడు రెట్లకు పైగా గుండె జబ్బుతో చనిపోయారు. పొగ, రక్తపోటు, కొలెస్ట్రాల్ ఇవన్నీ కలిపినా ఆ తేడాలో కొంత భాగాన్నే వివరించాయి. ఇంకా గమనించాల్సింది ఏమిటంటే, రెండో గ్రేడు వాళ్ల పరిస్థితి కూడా మొదటి గ్రేడు కన్నా అధ్వాన్నం. మెట్టు మెట్టుకీ తేడా ఉంది. తర్వాత 1985లో ఆడవాళ్లని కూడా కలిపి మొదలుపెట్టిన రెండో అధ్యయనంలో మైకేల్ మార్మట్ బృందం ఒక కారణాన్ని గట్టిగా చూపించింది: తన పని మీద తనకి పట్టు లేకపోవడం. ఎప్పుడు లేవాలో, ఎప్పుడు ఆగాలో, ఏది ముందు చేయాలో ఇంకొకరు చెబుతూ ఉంటే ఏళ్ల తరబడి గుండె ఆ భారం మోస్తుంది.

"వాళ్లు ఆరోగ్యం గురించి పట్టించుకోరు" అనే మాట విన్నప్పుడల్లా నాకు ఒళ్లు మండిపోతుంది.

మడతపేజీ:
అందరి పోస్టులూ నిన్న రాత్రి మళ్లీ చదివాను. నిదానం గారూ, మీరు రాసిన దానికి ప్రత్యేకంగా కృతజ్ఞతలు. అటువైపు నుంచి ఇంత సూటిగా చెప్పేవాళ్లు తక్కువ.

ఇంకొక విషయం అడుగుతాను. అమ్మావాళ్లతో మాట్లాడేటప్పుడు నా భాష మారుతుంది. ఆఫీసులో మాట్లాడే తీరు అక్కడ మాట్లాడితే నాన్న మౌనంగా అయిపోతారు. అత్తగారింట్లో అయితే ప్రతి కదలికా చూసుకుంటూ ఉంటాను. రెండు చోట్లా నేను అతిథినే. ఇది ఎప్పటికైనా పోతుందా?

పాతనోట్సు:
ఈ బాధ గురించి ఎంతో లోతుగా రాసిన మనిషి మీలాంటి దారిలో వచ్చినవాడే. ఫ్రెంచ్ సోషియాలజిస్టు పియెర్ బూర్ద్యూ 1930లో ఒక మారుమూల పల్లెలో పుట్టాడు. తండ్రి పోస్టు ఉద్యోగి. అక్కడి నుంచి 1981లో దేశంలోనే అత్యున్నత విద్యాపీఠంలో ఆచార్యుడయ్యాడు. మన అభిరుచులు, కూర్చునే తీరు, నవ్వే తీరు, ఏది మనకి తగినది ఏది కాదు అనే అంచనా, ఇవన్నీ చిన్నప్పటి జీవన పరిస్థితుల నుంచి ఒంటికి పట్టేస్తాయని చెప్పింది ఆయనే. తనలో మాత్రం అది రెండుగా చీలి ఉందని చివరి రోజుల్లో రాసుకున్నాడు. ఆ స్థాయికి వెళ్లినా పోలేదు. పోతుందని మీకు అబద్ధపు భరోసా ఇవ్వలేను. కానీ రెండు ఇళ్లనీ లోపలి నుంచి చూడగలిగింది ఆ చీలిక వల్లే.

చినుకుచప్పుడు:
చర్చ మొదటి నుంచీ చదువుతున్నాను. ఒక్క విషయంలో నాకు ఇబ్బందిగా ఉంది. పేద ఇల్లు అంటే లోపాల జాబితా అన్నట్టు అవుతోంది. అడగడం రాదు, ఆగడం రాదు, దాచడం రాదు.

లారో అవే 12 కుటుంబాల్లో ఇంకో పక్క కూడా చూశారు. కార్మిక కుటుంబాల పిల్లలు తమ ఆటలు తామే కల్పించుకునేవారు. బాబాయి, పిన్ని పిల్లలతో గట్టి బంధం ఉండేది. విసుగు, నస తక్కువ. గంట గంటకీ ఏదో ఒక క్లాసుకి పరిగెత్తే మధ్యతరగతి పిల్లలు అలిసిపోయి, కాస్త ఖాళీ దొరికితే ఏం చేయాలో తోచక, తోబుట్టువులతో పోట్లాడుతూ కనిపించారు. దీన్ని ఎవరూ ఎందుకు ప్రచారం చేయరు?

పేద ఇళ్లలో పిల్లలతో మాట్లాడరు అనే వాదన కూడా అలాగే వ్యాపించింది. కలిగిన ఇళ్ల పిల్లల కన్నా పేద ఇళ్ల పిల్లలు చిన్నప్పుడు మూడు కోట్ల మాటలు తక్కువ వింటారని 1995లో హార్ట్, రిస్లీ అనే పరిశోధకులు చెప్పిన లెక్క దాదాపు ప్రతి పేరెంటింగ్ క్లాసులో వినిపిస్తుంది. వాళ్లు చూసింది మొత్తం 42 కుటుంబాలు, అందులో ప్రభుత్వ సాయం మీద బతికేవి ఆరే. తర్వాత స్పెరీ బృందం తల్లి నేరుగా బిడ్డతో అన్న మాటలే కాకుండా, చుట్టూ ఉన్నవాళ్ల మాటలు కూడా లెక్కిస్తే ఆ తేడా అలా నిలబడలేదని చూపించింది. తాతలు, పెద్దమ్మలు, పక్కింటివాళ్లు నిండి ఉండే ఇంట్లో తల్లి మాటలు మాత్రమే లెక్కపెట్టడం ఏం కొలత?

నన్ను పెంచిన ఇంట్లో ఎవరి ముఖం చూసినా ఆ రోజు ఎలా గడిచిందో చెప్పగలిగేవాళ్లం. ఇంకొకరికి అవసరం ఉందంటే అడగకముందే లేచేవాళ్లం. అది కూడా పెంపకమే, అది కూడా వర్గం నుంచి వచ్చిందే. మడతపేజీ గారి పాపకి వాళ్ల నాన్న చొరవ రావాలి అన్నప్పుడు, ఇది కూడా రావాలని అనాలి.

గోరింక:
చినుకుచప్పుడు గారితో నూటికి నూరు శాతం ఏకీభవిస్తాను. ఒకటి మాత్రం కలుపుతాను: ఆ మంచి గుణాలకి లోకం విలువ కట్టదు. అందుకే పిల్లలని ఒక్కొక్కరినే మార్చడం కన్నా చుట్టూ ఉన్నదాన్ని మార్చడం ఎక్కువ పని చేస్తుంది.

1994లో అమెరికాలోని ఐదు నగరాల్లో దాదాపు 4,600 పేద కుటుంబాలతో ఒక ప్రయోగం మొదలైంది. లాటరీ తీసి కొందరికి పేదరికం తక్కువున్న పేటల్లో అద్దెకి ఉండటానికి సాయం చేశారు. ఆర్థికవేత్త రాజ్ చెట్టి బృందం చాలా ఏళ్ల తర్వాత చూస్తే, 13 ఏళ్ల లోపు అలా మారిన పిల్లలు ఇరవైల్లోకి వచ్చేసరికి 31 శాతం ఎక్కువ సంపాదిస్తున్నారు. అంతకన్నా పెద్ద వయసులో మారినవాళ్లకి ఆ లాభం లేదు. తల్లిదండ్రులు వాళ్లే, పెంపకం తీరూ వాళ్లదే. మారింది పరిసరాలు. 2022లో వాళ్లే 7 కోట్లకి పైగా మంది ఫేస్‌బుక్ స్నేహాల వివరాలు తీసి చూస్తే, పేద పిల్లలకి కలిగినవాళ్లతో స్నేహాలు ఎక్కువగా ఉన్న చోట్ల వాళ్ల తర్వాతి జీవితం మెరుగ్గా ఉంది. నిదానం గారు చెప్పిన ఫోన్ కాల్ ఎవరెవరికి అందుబాటులో ఉందన్నదే ఇది.

లెక్కలగడి:
13 ఏళ్ల సంగతి నన్ను ఆలోచనలో పడేసింది. మా నలుగురిలో చిన్నవాడు ఎనిమిదేళ్లప్పుడే మేనమామ ఇంటికి వెళ్లి చదువుకున్నాడు. కౌంటర్ దగ్గర "ఎందుకు కుదరదు" అని అడగగలిగేది వాడొక్కడే. మడతపేజీ గారూ, మీ పాపకి మీ ఆయన తీరు కనిపిస్తూనే ఉంది కాబట్టి ఆ భయం వదిలేయండి. మీ ఇంటి తీరు కనిపించాలంటే మాత్రం అమ్మమ్మ, తాతగారి దగ్గర ఎక్కువ రోజులు గడపనివ్వండి.

మడతపేజీ:
అది చేయగలను. ఈ సెలవులకే పంపిస్తాను, నేను లేకుండా. డాక్టరు దగ్గరికి వెళ్లేముందు పాపతో కూర్చుని ప్రశ్నలు రాయడం కూడా మొదలుపెడతాను. తనవీ రాస్తాం, నావీ రాస్తాం.

ఎర్రచెప్పులు:
మీ పోస్టు చూశాక మా ఆఫీసులో ఈ మధ్య మార్చినదాన్ని కూడా రాయాలనిపించింది. ఇంటర్వ్యూకి ఎవరెవరు కూర్చుంటారు, ఎంతసేపు పడుతుంది, ఏయే అంశాల మీద అడుగుతారు అన్నది అభ్యర్థులందరికీ ముందే రాసి పంపుతున్నాం. అందరికీ అవే ప్రశ్నలు, అదే వరుస. జవాబులకి మార్కులు వేశాకే ప్యానెల్ మాట్లాడుకోవాలి. సరదాల గురించి అడగడం మానేశాం. జీతం దగ్గర "ఎంత కావాలి" అని అడగకుండా ఆ ఉద్యోగానికి ఇంత అని ముందే ప్రకటిస్తున్నాం, అడగగలిగినవాళ్లకి ఒకటి, అడగలేనివాళ్లకి ఒకటి లేకుండా. ఇక్కడ ఎవరైనా ఎంపికల్లో ఉంటే, పంపే కాగితం నమూనా కావాలంటే అడగండి, ఇస్తాను.